మరుజన్మకు రేటెంత?

మల్టీప్లేయర్ వీడియో గేములో చచ్చిన ఆటగాడు తిరిగి ఆటలోకి రావడాన్ని రీస్పాన్ అంటారు. స్పాన్ అంటే ఇంగ్లీషులో చేపలూ కప్పలూ గుట్టలుగా పెట్టే గుడ్లు. ఆ మాట కంప్యూటర్లలోకి వచ్చి, ముందు ‘రీ’ తగిలించుకుంది. తెలుగులో పునర్జన్మ అందామంటే దానికి కర్మఫలం, గర్భవాసం, బారసాల లాంటి లాంఛనాలు చాలా ఉన్నాయి. పైగా పునర్జన్మలో పాత సంగతులు గుర్తుండవు. రీస్పాన్ అయినవాడికి చంపినవాడి పేరుతో సహా గుర్తుంటుంది. అసలు అంత తొందరగా మళ్లీ పుట్టేదే అందుకు.

ఊహ పాతదే. కబడ్డీలో అవతలి జట్టువాడు ఒకడు ఔటైతే ఇవతల ఔటై కూర్చున్నవాడు ఒకడు లేచి వస్తాడు. ముందు పోయినవాడికి ముందు పిలుపు. ఈ పద్ధతిలో ఆడే రకానికి సంజీవని అని పేరు. అమర్ అనే ఇంకో రకంలో ఔటైనవాడు బయటికే పోడు, ఎదుటివాళ్లకు పాయింటు ఇచ్చి అక్కడే ఆడుతుంటాడు. పురాణాల్లోకి వెళ్తే శుక్రాచార్యుడి మృతసంజీవని ఉండనే ఉంది. యుద్ధంలో రాక్షసులు చచ్చినా లేస్తారు, దేవతలు లేవరు. రీస్పాన్ ఒక్క జట్టుకే ఇస్తే ఏ ఆటలోనైనా గొడవ తప్పదు. ఫిర్యాదు పెట్టుకునే చోటు లేక దేవతలు కచుణ్ణి శిష్యుడి వేషంలో అవతలి జట్టులోకి పంపారు.

కంప్యూటర్ తెర మీద ఈ వ్యవహారానికి ఊపు తెచ్చినది 1993లో వచ్చిన డూమ్. దాని డెత్‌మ్యాచ్‌లో నలుగురి దాకా ఒకరినొకరు కాల్చుకోవచ్చు. చచ్చినవాడు మీట నొక్కితే చాలు, మ్యాపులో ముందే గుర్తుపెట్టి ఉంచిన చోట్లలో ఏదో ఒకదాని మీద నిలబడతాడు. అంతదాకా ఏరుకున్న పెద్ద తుపాకులన్నీ పోయి, చేతిలో పిస్తోలూ 50 తూటాలూ మిగులుతాయి. 1996 నాటి క్వేక్‌లో ఇంకో తమాషా ఉంది. పుట్టాల్సిన చోట ఎవరైనా నిలబడి ఉంటే, పుట్టినవాడు నిక్షేపంగా ఉంటాడు, నిలబడినవాడు ముక్కలవుతాడు. దీన్ని టెలిఫ్రాగ్ అంటారు. బస్సు సీటు మీద రుమాలు వేసినవాడికీ కూర్చున్నవాడికీ మధ్య తగాదా ఇంత సులువుగా మరెక్కడా తేలదు.

ఎప్పుడు పుట్టాలన్నదానికంటే ఎక్కడ పుట్టాలన్నదే పెద్ద చిక్కు. ఫలానా చోట పుడతారని తెలిస్తే అక్కడే తుపాకి గురిపెట్టి కూర్చునేవాళ్లు ఉంటారు. పుట్టినవాణ్ణి పుట్టినట్టే కాల్చే ఈ పనిని స్పాన్ క్యాంపింగ్ అంటారు. నైపుణ్యం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. కాబట్టే అంత ఆదరణ. విరుగుడుగా కొన్ని ఆటలు శత్రువులకు దూరంగా ఉన్న చోటు వెతికి పుట్టిస్తాయి. 2007లో వచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2లో రీస్పాన్ గదిలోకి ఎదుటి జట్టుకు మామూలుగా ప్రవేశమే లేదు. మరికొన్ని ఆటల్లో పుట్టిన మొదటి కొన్ని సెకన్లు ఏ తూటా తగలదు. మన పిల్లల భాషలో చెప్పాలంటే ఆ కాసేపు వాడు ఆటలో అరటిపండు. అరటిపండు తుపాకి పేల్చిందో, చాలా చోట్ల ఆ హోదా అక్కడితో రద్దు.

ఇక ధర సంగతి. బ్యాటిల్‌ఫీల్డ్ 1942లో జట్టు మొత్తానికి కలిపి కొన్ని టికెట్లు ఇస్తారు. ఎవరు చచ్చి తిరిగొచ్చినా అందులోంచే ఒకటి తెగుతుంది. ఉమ్మడి కుటుంబం ఖాతా లాంటిదన్నమాట: ఒకడి దుబారా, అందరికీ ఎసరు. డోటా 2లో పాత్ర స్థాయి పెరిగేకొద్దీ చచ్చాక నిరీక్షణా పెరుగుతుంది. ఆగలేనివాడు బంగారం చెల్లించి వెంటనే లేవచ్చు. తత్కాల్ టికెట్ కొన్నవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ధర కాళ్లతో చెల్లించాలి. శ్మశానంలో దయ్యంగా లేచి, శవం పడి ఉన్న చోటిదాకా నడవాలి. నడవలేనని శ్మశానంలోని దేవతను వేడుకుంటే అక్కడే లేపుతుంది గానీ, పై స్థాయుల వాళ్లకు 10 నిమిషాల నీరసం అంటగడుతుంది. మైన్‌క్రాఫ్ట్‌లో పడుకున్న మంచం దగ్గరే మళ్లీ పుడతారు. చచ్చిన చోట రాలిపోయిన సామాను 5 నిమిషాల్లో మాయమవుతుంది కనుక మంచం దిగుతూనే పరుగు. నెదర్ అనే నరకలోకంలో మాత్రం పడుకోబోతే మంచమే పేలిపోతుంది.

2017లో పబ్జీ ఈ బేరాలన్నీ ఎత్తేసింది. అప్పట్లో వందమంది దిగేవారు, పోయినవాడు పోయినట్టే. జట్టుగా ఆడితే ఒక వెసులుబాటు: దెబ్బతిని కూలినవాడు కాసేపు పాకుతూ ఉంటాడు, ఈలోగా తోటివాడు వచ్చి లేపాలి. ‘లేపరా మామా’ అన్న కేక తెలుగు హాస్టళ్లలో అర్ధరాత్రి దాటాక మోగింది ఈ పుణ్యానే. మామ ముందు శత్రువు వదిలిన సామాను ఏరుకుంటాడు, తర్వాత వస్తాడు. కొన్నిసార్లు ఆ ‘తర్వాత’ రాదు. 2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్‌లో చచ్చినవాడి బ్యానర్‌ను 90 సెకన్లలోగా తీసుకుని, బీకన్ దగ్గరికి మోసుకెళ్తే అతను విమానంలో తిరిగొస్తాడు. ఆ ఆట తయారుచేసిన సంస్థ పేరే రీస్పాన్, కాబట్టి అది కూడా పెట్టకపోతే బాగుండదు. మరుసటి ఏడాది కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్ మొదటిసారి చచ్చినవాణ్ణి గులాగ్ అనే జైలుకు పంపింది. అక్కడ ఇంకో చచ్చినవాడితో తలపడి గెలిస్తే మళ్లీ మైదానంలోకి.

అన్నిటికంటే ఖరీదైనది 2000లో వచ్చిన డయాబ్లో 2 హార్డ్‌కోర్ పద్ధతి. అందులో మరుజన్మ ఏ ధరకూ దొరకదు. నెలల తరబడి పెంచిన పాత్ర ఒక్క పొరపాటుతో శాశ్వతంగా పోతుంది. శవం మీది సామాను తోటి ఆటగాళ్లు తీసుకోవచ్చు, అయితే అందుకు బతికుండగానే అనుమతి ఇచ్చి ఉండాలి. ఇవ్వకుండా పోతే సామానూ వెంటే పోతుంది.