పాట పెడితేనే పలికే సిగ్నల్

మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుందని స్కూలు పిల్లలకూ తెలుసు. మా డెస్క్‌టాప్ మాత్రం 14 అంది.

విండోస్ 7 రోజులవి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీగల్ని వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీసీ కార్డుకు తగిలించి, వోల్టేజీ చదువు, టైముతో సహా రాసుకో, ఒక్క మిల్లీసెకను పడుకో, లేచి మళ్ళీ చదువు అని ప్రోగ్రాం రాశాను. సెకనుకు వెయ్యి దాకా శాంపిళ్ళు రావాలి. వచ్చినవి 64. విండోస్ టైమర్ మామూలుగా 15.625 మిల్లీసెకన్లకోసారి గాని గంట కొట్టదు మరి. చిన్న కునుకు తీస్తానన్న ప్రోగ్రాం ఆ గంట మోగేదాకా గుర్రు పెడుతుంది. సెకనుకు 64 సార్లే చూస్తే 50 కాస్తా 14 అయి కూర్చుంటుంది; 64లోంచి 50 తీసేస్తే మిగిలేది అదే. ఆ గ్రాఫు ఎంత నున్నగా వచ్చిందంటే, తప్పని తెలిసీ ముచ్చటేసింది.

అంతలో మా బావమరిది వచ్చాడు. "ఇంత సైలెంటుగా ఎలా కూర్చుంటావు బావా?" అంటూ అదే కంప్యూటర్లో పాట పెట్టాడు. తెర మీద 14 పోయి 50 వచ్చింది. పాట ఆపితే మళ్ళీ 14.

"చూశావా, నా చేతి చలవ!"

చలవ ప్లేయరుది. పాట తడబడకుండా టైమరును మిల్లీసెకనుకోసారి మోగమని అది అడుగుతుంది. అప్పట్లో ఒకరడిగితే కంప్యూటరంతటికీ మోగేది. 2020లో విండోస్ 10కి చేసిన మార్పుతో ఎవరడిగితే వారికే అయింది. పక్కింటి పెళ్ళిలో మనం భోంచేసే రోజులు పోయాయి.

సరే, నా ప్రోగ్రాం చేతా అడిగించాను. బాగానే నడిచింది, యాంటీవైరస్ నిద్రలేచేదాకా. అది లేచిందా, రీడింగుల మధ్య పెద్ద గండి. మౌసూ, ప్రింటరూ, నా సిగ్నలూ డెస్క్‌టాప్‌కి ఇంచుమించు ఒకటే. సగటు తీస్తే లెక్క సరిపోతుంది. కానీ సిగ్నల్‌కి సగటుతో పనేమిటి? ప్రతి రీడింగూ వేళకు పడాలి. అదంత తేలిక కాదు. లినక్స్‌వాళ్ళు వేళకు లేపే ఏర్పాటును ప్రీఎంప్ట్ ఆర్‌టీ పేరుతో దాదాపు ఇరవయ్యేళ్ళు చెక్కి, 2024లో 6.12 వెర్షన్ దగ్గర గాని అసలు కెర్నెల్లోకి పూర్తిగా చేర్చలేకపోయారు.

మరి ఇదే కంప్యూటర్ సెకనుకు 44,100 శాంపిళ్ళతో మన గొంతు ఎలా రికార్డు చేస్తోందంటారా? కొలిచేది సౌండ్ కార్డు. దాని సొంత క్రిస్టల్ తాళం తప్పదు. కొలిచినవన్నీ బఫర్లో పేరుస్తుంది. కంప్యూటర్ తీరిగ్గా వచ్చి మూట ఎత్తుకుపోతుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే ఆర్డ్వినో తరహా బోర్డుకూ ఈ విద్య వచ్చు. దానికి ప్రింటరు లేదు, యాంటీవైరస్ లేదు, బావమరిది అసలే లేడు.

కొలిచే పని బోర్డుకివ్వండి. గ్రాఫు గీసే పని కంప్యూటరుకివ్వండి. రంగులు బాగా వేస్తుంది.