వద్దన్న వేషమే ముద్దు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, వాళ్లలో ఒకడు "అసలు మీరు లెక్కే తప్పు వేస్తున్నారు" అని మొదలుపెడతాడు. మన కథానాయకుడు అతనే. అతను ఊపిరి తీసుకునేలోపు ఇద్దరు జారుకుంటారు. జారుకోలేకపోయిన ఇద్దరికీ స్ప్రెడ్‌షీట్ అందుతుంది.

ఇతను రిట్రిబ్యూషన్ పాలడిన్. ముద్దుగా రెట్. ముద్దు అతనిదే, మిగతావాళ్లది వెక్కిరింపు.

2004 నవంబరులో ఆట విడుదలైనప్పుడు అందులో 9 క్లాసులు ఉండేవి. క్లాసంటే వేషం: యోధుడో, మాంత్రికుడో, దొంగో, వేటగాడో. ఒక్కో వేషంలో మళ్లీ మూడు శాఖలు. పాలడిన్ అనే ధర్మవీరుడికి హోలీ శాఖ తీసుకుంటే వైద్యం, ప్రొటెక్షన్ తీసుకుంటే కాపు కాయడం, రిట్రిబ్యూషన్ తీసుకుంటే రెండు చేతులా పట్టుకున్న గదతో రాక్షసుడి బుర్ర బద్దలుకొట్టడం. బుద్ధి ఉన్నవాడెవడైనా మూడోదే కోరుకుంటాడని మనవాడి వాదం. కాదనడానికి లేదు. తళతళలాడే కవచం వేసుకుని, అంత గద భుజాన పెట్టుకుని పక్కవాడి గాయాలకు కట్లు కట్టాలని ఎవరికుంటుంది?

అప్పట్లో ఆఖరిదైన 60వ లెవెల్ దాకా ఎవడి గోల వాడిది. అక్కడికి చేరాకే అసలు చిక్కు. మోల్టెన్ కోర్ లాంటి రెయిడ్‌కి, అంటే రాక్షసుల మీదికి గుంపు దాడికి, 40 మంది వెళ్లాలి, ఆ 40 మందినీ ఏరేది రెయిడ్ లీడర్. ఇక సంభాషణ ఎప్పుడూ ఇలాగే సాగుతుంది.

"స్పెక్ ఏంటి?"

"రెట్."

"హీలింగ్ గేర్ ఉందా?"

"రెట్ అన్నాను."

"విన్నా బ్రో. హీలింగ్ గేర్ ఉందా?"

లీడర్‌ని తప్పుపట్టలేం. ఆ రోజుల్లో రెట్ పాలడిన్ చేసే పనిలో సగం మామూలు గద దెబ్బ, మిగతా సగం అదృష్టం. అతని ప్రధానాస్త్రం సీల్ ఆఫ్ కమాండ్ కొడితే గట్టిగానే కొడుతుంది గానీ, ఎప్పుడు కొడుతుందో దానికే తెలియదు. పోరు కాస్త సాగితే మంత్రాలకు కావాల్సిన మానా అయిపోతుంది. పోనీ కాపు కాద్దామా అంటే, రాక్షసుణ్ణి తనవైపు తిప్పుకునే టాంట్ పాలడిన్‌కి ఇవ్వనేలేదు. మోల్టెన్ కోర్‌లో దొరికే లాబ్రింగర్ కవచం కూడా చాలామటుకు వైద్యుడి అవసరాలకు తగ్గట్టే తయారైంది. మూడు పనులూ చేయగలవాడు ఏ ఒక్కదాంట్లోనూ దాని నిపుణుణ్ణి మించకూడదన్నది ఆట తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ అప్పటి పద్ధతి. దానికి ఆటగాళ్లు పెట్టుకున్న పేరు హైబ్రిడ్ ట్యాక్స్. మనవాడు జీతం మీద పన్ను ఏటా కిక్కురుమనకుండా కడతాడు; ఈ పన్ను మీద మాత్రం ఇప్పటికీ అప్పీలుకు వెళుతూనే ఉన్నాడు.

అయినా పాలడిన్‌ని రెయిడ్‌కి పిలిచేవాళ్లు, దీవెనల కోసం. ఒకరికి బలం, ఒకరికి మానా, మరొకరికి రాక్షసుడి కంట పడకుండా ఉండే సౌకర్యం. మొదట్లో ఒక్కో దీవెన 5 నిమిషాలే నిలిచేది, అదీ ఒక్కొక్కరికీ విడిగా ఇవ్వాలి. ఒక మంత్రానికీ ఇంకో మంత్రానికీ మధ్య ఒకటిన్నర సెకను విరామం. 40 మందికి చుట్టేసరికి పూర్తిగా నిమిషం. నాలుగు నిమిషాలకు మళ్లీ మొదలు. బంతిలో కూర్చుందామని వచ్చినవాడి చేతికి నేతిగిన్నె ఇచ్చి వడ్డించమన్నట్టు ఉండేది అతని పరిస్థితి. 2006 జనవరిలో వచ్చిన 1.9 ప్యాచ్‌లో గ్రేటర్ బ్లెసింగ్‌లు పెట్టి, ఒక్క మంత్రంతో ఒక క్లాసు మొత్తానికి 15 నిమిషాల దీవెన అందేలా చేశారు. హోలీ పాలడిన్లు పండగ చేసుకున్నారు. మనవాడికి మాత్రం కొత్త బెంగ పట్టుకుంది: ఇంత తేలికైతే, రేపు తనను ఏ వంకతో పిలుస్తారు?

లూట్ పంచేటప్పుడు అతన్ని చూడాలి. మోల్టెన్ కోర్‌ను ఏలే రాక్షసుడు రాగ్నరోస్ చచ్చి, వాడి దగ్గర ఐ ఆఫ్ సల్ఫురాస్ అనే కన్ను దొరికిందంటే గిల్డ్ అనే ఆటగాళ్ల జట్టు మొత్తం కేకలు పెడుతుంది. దానికి సల్ఫురాన్ హ్యామర్ జోడిస్తే సల్ఫురాస్ అనే పురాణ గద తయారవుతుంది. ఆ హ్యామర్ పోత పోయడానికి 8 సల్ఫురాన్ ఇంగట్లు, 50 ఆర్కనైట్ కడ్డీలు, ఇంకా బోలెడు సరుకు కావాలి. ఆర్కనైట్ కడ్డీలు మనవాడు ఎన్నడో పోగేసి బ్యాంకులో దాచుకున్నాడు. ఈసారి ఆ కన్ను ఎవరికివ్వాలన్న చర్చ వచ్చినప్పుడు గొంతు సవరించుకుని, "డీకేపీ ప్రకారం చూస్తే..." అన్నాడు. డీకేపీ అంటే రెయిడ్‌కి వచ్చినందుకు దక్కే హాజరు పాయింట్లు. హాజరులో అతన్ని కొట్టేవాడు లేడు. దాంతో లీడర్ పాయింట్ల సంగతి పక్కనపెట్టి, గిల్డ్ ప్రయోజనాల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇతనికి ఒక పురాణగాథ ఉంది. పరిచయమైన రోజే వినిపిస్తాడు. 2005లో ఒక పాలడిన్, 40 మంది కలిసి కొట్టాల్సిన లార్డ్ కజాక్‌ని ఒక్క విడతలో పడేశాడు. కిటుకు రెకనింగ్ అనే టాలెంట్‌లో ఉంది. తనకు క్రిటికల్ దెబ్బ తగిలిన ప్రతిసారీ తిరిగి కొట్టడానికి ఒక అదనపు దెబ్బ జమవుతుంది. ఎన్ని జమ చేసుకోవచ్చన్న దానికి అప్పట్లో హద్దు లేదు. ఆ మహానుభావుడు గంటల తరబడి దెబ్బలు తిని, అప్పంతా కజాక్ దగ్గర ఒకేసారి వసూలు చేశాడు. బ్లిజార్డ్ వెంటనే జమను నాలుగుకు కట్టడి చేసింది. ఇంతా చేసి, రెకనింగ్ ఉన్నది రిట్రిబ్యూషన్ శాఖలో కాదు, ప్రొటెక్షన్‌లో. ఈ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే మనవాడు విననట్టే ఉంటాడు.

పాలడిన్ మీద ఇంకో జోకుంది, దాన్ని మాత్రం అతనే చెప్పుకుని నవ్వుతాడు. అప్పట్లో అతని మాయకవచం 12 సెకన్లు ఉండేది. ఊరికి చేర్చే హార్త్‌స్టోన్ మంత్రానికి పట్టేది 10. ఎదుటివాడు ఎంత కొట్టినా కవచంలో నిలబడి తాపీగా ఇంటికి పోయేవాడు. మిగిలిన 2 సెకన్లు టాటా చెప్పడానికి.

ఇలాంటివాళ్లు ఇతనొక్కడే కాదు. గుడ్లగూబ ముఖం, ఎలుగు ఒళ్లు కలగలిసిన మూన్‌కిన్ డ్రూయిడ్ ఉన్నాడు. మానా ఇట్టే అడుగంటుతుందని అతనికి ఊమ్‌కిన్ అని పేరు పెట్టారు. పిల్లి రూపంలో రక్కే ఫెరల్ డ్రూయిడ్‌దైతే తపస్సే. 2019లో క్లాసిక్ పేరుతో పాత ఆటను మళ్లీ తెచ్చినప్పుడు, అతను మిగతావాళ్లతో సమానంగా కొట్టాలంటే మాన్యువల్ క్రౌడ్ పమ్మెలర్ అనే గద ఉండాలని తేలింది. దొరికేది నోమెరెగన్‌లో, 30వ లెవెల్ పిల్లకాయలు తిరిగే చోట. వాడితే అరనిమిషం పాటు దెబ్బల వేగం సగం పెరుగుతుంది, మూడుసార్లు వాడాక అది ఉత్త ఇనుము. అందుకని డ్రాగన్లను చంపాల్సిన 60వ లెవెల్ వీరుడు రెయిడ్‌కి ముందు ఆ గుహలోనే కాపురం పెట్టి, ఒకే గదను సంచి నిండా పోగేసుకునేవాడు. పరీక్షకు ఇంత చదివినవాణ్ణి చూసి జాలిపడాలో, దండం పెట్టాలో తెలియదు.

ఫైనల్ ఫాంటసీ 11 అనే ఇంకో ఆటలో డ్రగూన్ కష్టం వేరు. అతని వెంట వైవర్న్ అనే చిన్న డ్రాగన్ తిరుగుతుంది. తొలినాళ్లలో అది చస్తే మళ్లీ పిలవడానికి 2 గంటలు ఆగాలి, ఆట గంటలు కాదు, గోడ గడియారం గంటలు. ఆ ఆటలో ఆరుగురి జట్టు లేకుండా లెవెల్ పెరగడం గగనం, డ్రగూన్‌ని జట్టులోకి పిలిచేవాళ్లేమో అరుదు. బీస్ట్‌మాస్టర్ మాత్రం ఆ బతిమాలుడంతా మానేసి, దారిన పోయే జంతువును మచ్చిక చేసుకుని ఒంటరిగా వెళ్లిపోయేవాడు. వీళ్లందరిలో ఆత్మాభిమానం మిగిలింది అతనికే.

ఈ మనిషి మన దగ్గరా ఉన్నాడు. బ్లిజార్డ్ వార్‌క్రాఫ్ట్‌కు ఇండియాలో సర్వర్ పెట్టలేదు. యూరప్ సర్వర్‌లో రాత్రి 8కి రెయిడ్ అంటే, చలికాలంలో మాదాపూర్ అద్దెగదిలో పన్నెండున్నర. పొద్దున ఆఫీసు కాల్ పెట్టుకుని, అర్ధరాత్రి మేలుకుని, గద పట్టుకుని వెళితే అక్కడ దొరికేది మళ్లీ దీవెనల డ్యూటీయే.

ఇంత అవమానపడేవాడు వేషం మార్చుకోడేం? మారిస్తే అతనిలో అతనేం మిగలడు. మేజ్ అనే మాంత్రికుడిగా ఆడి గెలిస్తే ఆ గొప్ప మేజ్‌ది. రెట్‌గా ఆడి దెబ్బల పట్టికలో పదిహేనోవాడైతే ఆ పదిహేను అతని స్వార్జితం. ఇదేదో నా ఊహ అనుకుంటే 2008 అక్టోబరు చూడండి. ఆటకు కొత్త భాగం రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్ రాబోతోందని వచ్చిన 3.0.2 ప్యాచ్‌తో రెట్ పాలడిన్ ఉన్నట్టుండి పులైపోయాడు. ఎదురొచ్చినవాడు ఎదురొచ్చినట్టు పడిపోయేవాడు. కొన్ని వారాల్లోనే బ్లిజార్డ్ కోత పెట్టిందనుకోండి, కానీ క్లాసును కాదు మనిషిని చూసి తీసుకెళ్లండన్న కొత్త పద్ధతిలో రెట్‌కి రెయిడ్‌లో చోటు ఖాయమైంది. నిన్నటిదాకా వెక్కిరించినవాళ్లంతా పాలడిన్లు పెంచడం మొదలుపెట్టారు. నాలుగేళ్లు కోరుకున్నది కళ్లెదుట నిలిచింది. మనవాడు వారం రోజులు మురిసి, రెండో వారం ముఖం మాడ్చుకుని, మూడో వారానికి "ఇప్పుడు ఎవడైనా ఆడేస్తాడు" అనేశాడు.

2016 ఆగస్టులో లీజియన్ అనే ఇంకో భాగం వచ్చింది. హంటర్ అంటే దూరం నుంచి విల్లుతో కొట్టేవాడు కదా, ఆ క్లాసులోని సర్వైవల్ శాఖ చేతి నుంచి విల్లు లాక్కుని ఈటె ఇచ్చారు. వేటగాళ్లు లబోదిబోమన్నారు, చాలామంది ఆ శాఖ వంక చూడటమే మానేశారు. మనవాడు అదే రోజు కొత్త క్యారెక్టర్ తెరిచాడు.

"హంటర్ కదా, దగ్గరికెళ్లి కొడుతున్నావేంటి?" అని అడిగాడు గ్రూపు లీడర్.

"సర్వైవల్."

"మార్క్స్‌మన్‌షిప్‌కి మారతావా?"

ఎందుకు మారకూడదో అతను హుషారుగా టైప్ చెయ్యడం మొదలుపెట్టాడు. మూడో పేరాలోకి వచ్చేసరికి గ్రూపు నిండిపోయింది.