రాత్రి లెన్సు ఆత్మకథ

కనుపాపకు ముందున్న పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. హ్రస్వదృష్టి, అనగా దగ్గరివి కనిపిస్తూ దూరపువి మసకబారే లోపం ఉన్నవారికి నిద్రలో ఆ పొర వంపును తగ్గించి, పగలు కళ్లజోడు లేకుండా తిరిగే వీలు కల్పించే గట్టి కాంటాక్టు లెన్సు ఒకటి బాపట్ల జిల్లా కర్లపాలెంలో తన చరిత్రను తానే నమోదు చేసుకొంటున్నది.

ఈ వంశానికి ఆద్యం 1962. ఆ ఏడు షికాగోలో జార్జ్ జెస్సెన్ గట్టి లెన్సుతో కార్నియాను చదును చేయవచ్చని ప్రతిపాదించాడు. అప్పటి ప్లాస్టిక్ గుండా ప్రాణవాయువు సాగదు గనుక మూసిన రెప్ప కింద దానిని ఉంచడం ప్రమాదం. వాయువును సాగనిచ్చే పదార్థాలు వచ్చాక, 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రాత్రి ధారణకు అనుమతించింది. లెన్సు నడిమి భాగం కార్నియా కంటే చదునుగా ఉండడం వల్ల, రెంటి మధ్య చిక్కిన కన్నీటి పొర ఒత్తిడికి కార్నియా పైపొర నడుమ పలచబడి చుట్టూ మందమవుతుంది. ఆ మార్పు వెంట్రుక మందంలో సగానికి మించదు. ఎదుటి గోడ మీది క్యాలెండరులో తిథులు చదివించడానికి అది చాలు.

కీర్తి మాత్రం దాయాదియైన స్క్లెరల్ లెన్సుకే దక్కింది. అది కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద ఆని, లోపల సెలైన్ నింపుకొని ఉంటుంది. కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్‌లోను, మందులు వికటించి కళ్లు ఎండిపోయే స్టీవెన్స్-జాన్సన్ వ్యాధిలోను దాని అక్కర పెద్దది. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో అటువంటి రోగులకు దానిని అమరుస్తున్నారు. రాత్రి లెన్సు అసూయపడితే తప్పేమిటి? అది మెరుగుపరచిన చూపుతో యజమానురాలు తిరిగిన కర్లపాలెం వీధులను అది ఒక్క పగలైనా చూడలేదు.

తొలినాళ్లలో ఆమె చేతులు సబ్బుతో కడిగి తుడుచుకొన్నాకే డబ్బా తెరిచేది. ఉదయం కంటికి అంటుకుపోయిన లెన్సును లాగక, చుక్కలు వేసి, అది కదిలేదాకా ఆగి, చిన్న రబ్బరు బుడ్డితో తీసేది. ఆ తరువాత లెన్సు కడిగే ద్రావణం అయిపోయిన రోజున బోరు నీళ్లే గతి అయ్యాయి. బోరు, ట్యాంకు, కుళాయి నీళ్లలో అకాంతమీబా అనే ఏకకణజీవి ఉండవచ్చు. అది లెన్సు వెంట కంటిలో చేరితే కార్నియాకు పుండు పుట్టించి చూపుకే ముప్పు తెస్తుంది. ఆ నేరాన్ని లోకం లెన్సు మీద మోపుతుంది గాని బకెట్టు మీద మోపదు.

పిమ్మట ఆమె వాడకమే మానివేసింది. వరుసగా కొన్ని రాత్రులు మానితే కార్నియా తన పాత వంపుకు మళ్లిపోతుంది. చేసిన పనికి ఆనవాలైనా మిగలని వృత్తి ఇది. ఆమె కళ్లజోడు తగిలించుకొని పైచదువుకు ఊరు దాటగా, కుడికంటి ఈ నీలపు లెన్సు, ఎడమకంటి ఆకుపచ్చ జోడీ, తడి ఇంకిపోయిన డబ్బాలో, బీరువా పై అరలో, గడువు తీరిన చుక్కల సీసా పక్కన ఉండిపోయాయి. అంచున తెల్లని పొర గట్టిపడింది. ఇంటివారు పిన్నీసుల కోసం వెతికినప్పుడల్లా డబ్బాను పక్కకు జరుపుతారు, మూత తీయరు.

సెలవులకు వచ్చినా ఆమె దీనిని మళ్లీ పెట్టుకోరాదు. నేత్రవైద్యునికి చూపించుకొని కొత్త కొలతలు తీయించుకోవాలి. వాడుతున్నవారు కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా లెన్సు తీసివేసి అదే రోజు వైద్యుని వద్దకు వెళ్లాలి. లెన్సును, డబ్బాను పారవేయక వెంట తీసుకుపోవాలి, ఏ క్రిమి సోకిందో తేల్చే పరీక్షకు అవి పనికివస్తాయి.