నాలో పని పెట్టకండి

నేను అసర్ట్‌ని. నోయిడా సెక్టార్ 62లో ఒక ఆఫీసు, అక్కడ బస్సు టికెట్ల ప్రోగ్రాం, అందులో ఒక లైను: ప్రస్తుతం నా కాపురం అక్కడే. "ఇక్కడికొచ్చేసరికి మిగిలిన సీట్లు సున్నా కన్నా తక్కువ ఉండవు" అని రాసినవాళ్లు మనసులో అనుకున్న మాటను, ప్రోగ్రాం నడుస్తుండగా నేను అడిగి చూస్తాను. నిజమైతే దారి వదులుతాను. కాకపోతే ఫైలు పేరు, లైను నంబరు, తప్పిన షరతు చెప్పి అక్కడికక్కడే ఆపేస్తాను. ప్రయాణికుడు వయసు గడిలో అక్షరాలు కొడితే పట్టుకోవడం నా పని కాదు, దానికి మామూలు తనిఖీ ఉండాలి. నేను వెతికేది రాసినవాళ్ల ఆలోచనలోని తప్పును.

1949 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో జరిగిన సమావేశంలో అలన్ ట్యూరింగ్ ఒక చిన్న పత్రం సమర్పించారు. అందులోని ఉదాహరణ గుణకారం వాడకుండా కూడికలతోనే ఫ్యాక్టోరియల్ కట్టే ప్రోగ్రాం. ప్రోగ్రామర్ అక్కడక్కడా ఇదీ నిజం అని గట్టిగా రాసిపెడితే, ఒక్కోదాన్నీ విడిగా సరిచూసి మొత్తం సరైనదని తేల్చవచ్చన్నారు. అప్పటికి నేను కాగితం మీదే ఉన్నాను. 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ నాకు తర్కం అమర్చారు. 1980ల్లో బెర్ట్రాండ్ మేయర్ తన ఐఫెల్ భాషలో ముందు షరతు, తర్వాతి షరతు, ఎప్పుడూ చెదరని షరతు అంటూ నన్ను భాషలోనే భాగం చేశారు. అంత మర్యాద నాకు మరెక్కడా దొరకలేదనే చెప్తాను.

సీ భాషలో నేను వట్టి మాక్రోని. ఎన్‌డీబగ్ అని ఒక్క మాట నిర్వచిస్తే మాయమైపోతాను, నాలోని షరతును లెక్కకట్టడం కూడా జరగదు. జావాలోకి 2002లో, 1.4 వెర్షన్‌తో వచ్చాను. అక్కడ ప్రత్యేకంగా మేల్కొలిపితే తప్ప నిద్రలోనే ఉంటాను.

సీలో ఈ మాయమైపోవడమే ఆఫీసులో కొంప ముంచింది. ఎవరో తొందరలో నా బ్రాకెట్లలోనే సీట్ల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, వచ్చింది సున్నాకి తగ్గలేదు కదా అని అడిగారు. డీబగ్ బిల్డులో అంతా సవ్యంగా నడిచింది. ఛఠ్ పండక్కి ముందు ఎన్‌డీబగ్ పెట్టిన రిలీజ్ వెళ్లింది. ఆనంద్ విహార్ బస్టాండులో పట్నా బస్సులో ఉన్న సీట్ల కన్నా జనం చేతుల్లో టికెట్లు ఎక్కువయ్యాయి.

"సార్, టెస్టుల్లో ఒక్కటీ ఫెయిలవలేదండీ" అంది గుంటూరు నుంచి వచ్చిన కొత్తమ్మాయి.

"అవదమ్మా. అక్కడ అసర్ట్ ఉంది, రిలీజ్‌లో లేదు. దాంతోపాటే తీసివేతా పోయింది" అన్నారు ఆఫీసులోని తెనాలి పెద్దాయన.

రాసినవాళ్లదే తప్పని అందరూ అన్నారు. నేను ఒప్పుకోను. ప్రశ్న అడగాల్సిన చోట పని పెట్టనిచ్చిన భాషదీ తప్పే. సీ ప్లస్ ప్లస్ పెద్దలు దీని మీద ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు. 2020 వెర్షన్‌లో చేర్చాలనుకున్న కాంట్రాక్టులను, అంటే భాషలోనే ఉండే నాలాంటి షరతులను, 2019లో కొలోన్ సమావేశంలో తీసేశారు. 2025 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని హాగెన్‌బర్గ్‌లో కొత్త రూపాన్ని 2026 వెర్షన్ కోసం ఆమోదించారు. అందులో కాంట్రాక్ట్ అసర్ట్ లోపల బయటి వేరియబుల్‌ను చూడవచ్చు, మార్చకూడదు. మన సీట్ల లైను అక్కడ కంపైలే కాదు. ఫంక్షన్ పిలుపు వెనక దాగి ఏదైనా మార్చే సందు మాత్రం ఇంకా ఉంది.

షరతును ఏం చేయాలన్నదానికీ అందులో నాలుగు దారులున్నాయి: అసలు చూడకపోవడం, చూసి తప్పితే చెప్పి ముందుకు సాగడం, చెప్పి ఆగడం, చెప్పకుండా వెంటనే ఆగడం. దారి ఎంచుకునేది సాధారణంగా బిల్డు చేసేవాళ్లు. నాకిది నచ్చదు. ఒక అంకెను సున్నాతో పోల్చే షరతుకు ఖర్చేమీ లేదు, లక్ష బుకింగులు తిరగేసేదానికి చాలా ఉంది. ఆ తేడా రాసినవాళ్లకే తెలుసు, కాబట్టి ఉండాలో పోవాలో ఆ లైనులోనే చెప్పగలగాలి. రస్ట్ భాషలో అసర్ట్ రిలీజ్‌లోనూ ఉంటుంది, డీబగ్ అసర్ట్ మామూలుగా రిలీజ్‌లో ఉండదు. రాసేటప్పుడే ఎంచుకోవచ్చు.

ఆ అమ్మాయి అదే పద్ధతిలో సీలో రెండు మాక్రోలు రాసింది. తీసివేతను వేరే లైనుకి మార్చింది. సీట్ల లెక్క దగ్గర నేనిప్పుడు రిలీజ్‌లోనూ ఉన్నాను. ఒకే సీటు రెండుసార్లు అమ్ముడైందేమోనని జాబితా అంతా వెతికే నా తోబుట్టువును మాత్రం డీబగ్‌లోనే ఉంచింది. పండగ రద్దీలో ప్రతి టికెట్టుకీ అంత వెతుకులాట సర్వర్ తట్టుకోలేదు.