పెట్టె యడుగు వాని పేరు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

కార్డు కొరకు వేల కట్టలు విప్పును
పెట్టె యడుగు వాని పేరు మరచు
మోటరొకటి తిరుగ మూల్గుచు నాగును
వాట్ల గొప్ప నమ్మ వలదు సుమ్ము

అవతారిక

టీకా రాయాలంటే ముందు పద్యం ఉండాలి. ఎస్సెంపీఎస్ (కంప్యూటరు లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మీద పద్యం చెప్పిన కవి ఎవరూ దొరకనందున టీకాకారుడే ఈ ఆటవెలదిని అల్లుకున్నాడు. కనుక కవిహృదయం విషయంలో పండితులకు వాదం అక్కర్లేదు.

సందర్భం ఇది. సోమలలో డిగ్రీ చదివే పిల్లవాడు. ఈ ఏడు టమోటాకు ధర వచ్చింది, ఇంట్లో కంప్యూటరుకు ఒప్పుకున్నారు. పుంగనూరులో కొట్టువాడు చీటీ రాసిచ్చాడు. ప్రాసెసరుకు పేరుంది, బోర్డుకు పేరుంది, కార్డుకైతే పేరూ బిరుదులూ కలిపి ఒక వరుస నిండింది. చీటీ చివర మాత్రం ‘క్యాబినెట్టు, ఎస్సెంపీఎస్‌తో’ అని ఉంది. అందరికీ గోత్రనామాలు చెప్పి, ఇంటిని మోసేవాడికి చెప్పకుండా వదిలేశాడన్నమాట. ఆ చీటీ చూసిన వీధి అన్న ఒకడు పిల్లవాడితో చెప్పినట్టుగా పద్యాన్ని అన్వయించుకోవాలి.

ప్రతిపదార్థం

కార్డు కొరకు = గ్రాఫిక్స్ కార్డు కోసం (రేషను కార్డు కాదు; దానికి కట్టలు విప్పనక్కర్లేదు, కనీసం రూలు ప్రకారం); వేల కట్టలు = వేల రూపాయల నోట్ల కట్టలను; విప్పును = వెనకాడక ఇచ్చేస్తాడు; పెట్టె యడుగు వాని = క్యాబినెట్టు కింది అరలో కూర్చునే ఎస్సెంపీఎస్ యొక్క; పేరు మరచు = కంపెనీ ఏదని అడగడు; మోటరొకటి తిరుగ = పక్క చేలో బోరు మోటారు ఒక్కటి ఆన్ కాగానే; మూల్గుచు నాగును = ఆ పెట్టె మూలిగి ఆగిపోతుంది; వాట్ల గొప్ప = స్టిక్కరు మీది పెద్ద అంకెను; నమ్మవలదు సుమ్ము = నమ్మవద్దు నాయనా.

తాత్పర్యం

కార్డుకు పెట్టిన శ్రద్ధలో పాతిక వంతైనా కరెంటు ఇచ్చే పెట్టెకు పెట్టమని భావం.

విశేషాలు

‘పెట్టె యడుగు’ అన్న ప్రయోగం కాలనిర్ణయానికి పనికొస్తుంది. పాత క్యాబినెట్లలో ఎస్సెంపీఎస్ పైన వెనకవైపు ఉండేది. అడుగుకు దిగడం తర్వాతి కాలపు మాట. కాబట్టి ఈ పద్యం ప్రాచీనం కాదని నిస్సందేహంగా తేలుతుంది. మన ఊళ్లలో పెట్టె మొత్తాన్నీ ‘సీపీయూ’ అనడం వాడుక. ఆ వాడుకలో అసలు సీపీయూకూ అడుగువాడికీ ఇద్దరికీ అన్యాయమే జరిగింది.

‘మోటరొకటి’. కవిది సోమల ప్రాంతమేనని చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు. కంప్యూటరు బజార్లున్న బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో మద్రాసు రిచ్చీ స్ట్రీటులోనో పుట్టిన పద్యమైతే ఇక్కడ ఏసీయో లిఫ్టో ఉండేది. ఇంటికి రావలసింది 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. బోరు మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా నడిచే దానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఇల్లూ బోరూ ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉంటే ఆ క్షణాన ఇంట్లో బల్బు ఎర్రబడుతుంది. బల్బు ఎర్రబడి మళ్లీ తేరుకుంటుంది. కంప్యూటరుకు ఆ ఓర్పు లేదు.

ఇక్కడ టీకాకారుడు కొంచెం ఆగి చెప్పవలసిన సంగతి ఉంది. ఎస్సెంపీఎస్ లోపల లావుపాటి కెపాసిటరు ఒకటుంటుంది. గోడ నుంచి కరెంటు తెగినా కాసేపు అదే నెట్టుకొస్తుంది. కాసేపంటే ఎంత? మన కరెంటులో ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం వెంట వచ్చిన డిజైను సూచనలు సుమారు 16, 17 మిల్లీసెకన్లు నిలవాలంటాయి. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి సాధారణంగా పది మిల్లీసెకన్ల లోపు చాలు. అంటే సరైన ఎస్సెంపీఎస్ ఆ సందును దాటేస్తుంది. ధర తగ్గించడానికి కెపాసిటరును చిన్నది చేసిన పెట్టె దాటలేదు. యూపీఎస్ ఉండి కూడా కంప్యూటరు రీస్టార్టయితే అందరూ యూపీఎస్‌ను తిడతారు. చాలాసార్లు ముద్దాయి అడుగున ఉంటాడు.

లేబులు మీద ఇన్‌పుట్ వోల్టేజీ కూడా చూడాలి. 100 నుంచి 240 అని ఉన్నది లో వోల్టేజీని ఓర్చుకుంటుంది. 200 నుంచి 240 అని ఉన్నది పట్నవాసపు జీవి. నా మటుకు, మన పల్లెల్లో కొనేవాడికి ఈ ఒక్క వరుస స్టిక్కరు మీది మిగతా రంగులన్నిటికన్నా ముఖ్యం.

‘వాట్ల గొప్ప’. “ఏమప్పా, 450 వాట్లుండాది, చాల్దా?” అని కొట్టువాడి పూర్వపక్షం. సమాధానం స్టిక్కరు మీదే ఉంది, చిన్న అక్షరాల్లో. ప్రాసెసరూ కార్డూ ప్రధానంగా తినేది 12 వోల్టుల గీత నుంచి. ఆ గీత ఎదురుగా 18 ఆంపియర్లు అని ఉంటే, పన్నెండు పద్దెనిమిదులు 216. పైన ఏ అంకె అచ్చయినా చేతికొచ్చేది ఆ 216 వాట్లే. తక్కినవి 3.3, 5 వోల్టుల గీతల్లో లెక్క కోసం ఉన్నవి. 550 వాట్ల మంచి పెట్టె మీద 12 వోల్టులకు 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540. కవి నిందించింది ఈ వ్యత్యాసాన్నే. అలంకారం విషయానికొస్తే మూడో పాదంలో స్వభావోక్తి. అతిశయోక్తి స్టిక్కరుది, కవికి అంటగట్టరాదు.

లెక్క వేసి చూద్దాం. రైజెన్ 5 5600 ప్రాసెసరు 65 వాట్లదంటారు, గట్టిగా పనిచేస్తే అంతకన్నా కొంత పైకి పోతుంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115. బోర్డు, ర్యాము, ఎస్సెస్డీ, ఫ్యాన్లు కలిపి యాభై, అరవై. మొత్తం 260 అటూ ఇటూ. మరి ఆ కార్డుకు ఎన్విడియా 550 వాట్ల సప్లై ఎందుకు సూచిస్తుంది? క్షణకాలపు ఉరుకులకు చోటు ఉండాలని ఒక కారణం. లోకంలో ఉన్న ఎస్సెంపీఎస్‌ల నిజాయితీ మీద కంపెనీకి ఉన్న అంచనా రెండో కారణమని టీకాకారుడి అనుమానం.

శంక: పెద్ద వాట్ల పెట్టె కొంటే కరెంటు బిల్లు పెరగదా? (పిల్లవాడి అమ్మ అడిగింది.)

సమాధానం: పెరగదమ్మా. లోపలివాళ్లు ఎంత అడిగితే అంతే లాగుతుంది, దాని మీద కొంత వేడిగా పోతుంది. ఆ పోయేది ఎంతన్నదే 80 ప్లస్ గుర్తు చెప్పేది. 2004లో మొదలైన పద్ధతి. బ్రాంజ్ గుర్తున్న పెట్టె సగం బరువు మీద నడుస్తుంటే 85 శాతం పనికొస్తుంది. 260 కావాలంటే గోడ నుంచి 306 లాగుతుంది. 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లవి, కాబట్టి అంచున సరిపోతుంది. ఫైలు సేవ్ చేసి ఆపుకునేంత సేపే సుమా, ఆట ముగించేంత సేపు కాదు. చౌక ఇన్వర్టర్లు ఇచ్చే చతురస్రపు అల యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటును సాఫీగా లాగే ఏర్పాటు) ఉన్న కొన్ని పెట్టెలకు గిట్టదు. కొనేముందు అడగాలి.

పాఠాంతరం: మదనపల్లె మిత్రుడొకరు మొదటి పాదంలో ‘కార్డు’కు బదులు ‘ర్యాము’ అని దిద్దారు. గణం సరిపోయింది, యతి చెడింది. పైగా ర్యాముకు కట్టలెవరు విప్పుతారని టీకాకారుడు ఆ దిద్దుబాటును తోసిపుచ్చాడు. 2025 చివర్లో ర్యాము ధర పెరిగిన తీరు చూశాక ఈ పాఠాన్ని అర్థం దృష్ట్యా అంగీకరించక తప్పలేదు. యతి మాత్రం ఇప్పటికీ చెడే ఉంది.

అనుక్తం: కవి చెప్పవలసి ఉండీ చెప్పనిది ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్నుకు గోడ వెనక తీగే లేని ఇళ్లు ఎన్నో. అలాంటి ఇంట్లో ఎస్సెంపీఎస్ ఎంత మంచిదైనా పెట్టె రేకును తాకితే జివ్వుమంటుంది. లోపలి ఫిల్టరు కెపాసిటర్లు రేకుకు పంపిన కొద్దిపాటి కరెంటుకు భూమిలోకి దారి లేకపోవడమే కారణం. పెట్టె పాడైందని కొట్టుకు మోసుకుపోతే కొట్టులో జివ్వుమనదు, అక్కడ ఎర్తు ఉంటుంది. ఇంటి పక్కన గుంత తవ్వి, కడ్డీ దించి, ఉప్పూ బొగ్గూ నింపి, ఎండాకాలంలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయాలి. ఇదంతా పద్యంలో ఎందుకు లేదంటే ఆటవెలదికి నాలుగే పాదాలు.