థర్మోకోల్ రోలు

పొద్దున్నే మా పెదనాన్న దగ్గర్నుంచి వాట్సాప్ సందేశం వచ్చింది. పాశ్చాత్య వ్యామోహంలో పడి మన కుర్రకారు తెలుగు సంస్కృతిని మంటగలుపుతోందని, నిజమైన తెలుగువాడైతే దీన్ని పదిమందికి పంపాలని దాని సారాంశం. చదవడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. సందేశమంతా తెలుగే, అక్షరాలే ఇంగ్లిషువి.

ఆయన ముప్పయ్యేళ్లు తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. ఫోన్లో తెలుగు కీబోర్డు పెడతానంటే "ఈ వయసులో నాకవన్నీ ఎందుకురా" అన్నాడు. ఈ వయసులో సంస్కృతిని కాపాడటానికి మాత్రం ఓపిక ఉంది.

ఇంతకీ ఆయన ఆవేదనకి కారణం మనవరాలి పెళ్లి. రాజమండ్రిలో వాళ్ల ఫ్లాటుకి ఈవెంట్ మేనేజరొకడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ప్యాకేజీ చదివాడు. ప్రీ వెడ్డింగ్ షూట్, మెహందీ, సంగీత్, హల్దీ, కాక్‌టెయిల్ నైట్. ఆ తర్వాత, ఉన్నవాళ్లకి, పెళ్లి.

"ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరా? డ్రోన్‌కి కష్టం సార్. ఓ మూడు గంటలు జరపలేమా?" అన్నాడు.

"చూశావురా, అంతా వెస్టర్న్ కల్చర్!" అని పెదనాన్న నావైపు తిరిగాడు.

పడమటి గాలే, కాదనను. అయితే దానికోసం లండన్ దాకా పోనక్కర్లేదు, బొంబాయి కూడా మనకి పడమరే. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' వచ్చింది. దాన్నే తెలుగులో 'ప్రేమాలయం' అన్నారు. పెదనాన్న ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి రెండుసార్లు చూశాడు. మరదళ్లు పెళ్లికొడుకు చెప్పులు దాచేస్తుంటే "ఎంత ముచ్చటగా ఉందో" అని మురిసిపోయాడు. ఆ ముచ్చట తాలూకు బిల్లు ముప్పయ్యేళ్ల తర్వాత వచ్చేసరికి, సంస్కృతి గుర్తొచ్చింది.

హల్దీ సంగతే చూడండి. దానికి మనకి నలుగు అనే లక్షణమైన మాట ఉండేది. 1995లో పసుపు గాయాలు మాన్పుతుందని ఎవరో కొత్తగా కనిపెట్టినట్టు అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ అభ్యంతరం చెప్పి, పాత గ్రంథాలు ముందు పెట్టి, 1997లో దాన్ని రద్దు చేయించింది. అమెరికావాడితో పోరాడి పసుపు దక్కించుకున్నాం. ఇంట్లో కూర్చుని దాని పేరు పోగొట్టుకున్నాం. ఇప్పుడు పసుపు రంగు బట్టలు లేకపోతే నలుగు దగ్గరికి రానివ్వరు. నేను తెల్ల లాల్చీతో వెళ్లి ఫొటోల్లోంచి బహిష్కృతుణ్నయ్యాను.

ఇదంతా పిల్లల తప్పేనంటాడు పెదనాన్న. ఆ పిల్లల్ని, తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా వేసే బడి వెతికి మరీ చేర్పించింది ఎవరు? తెలుగు పండితుడి జీతంలోంచే ఆ ఫీజులు కట్టారు. జరిమానాలూ అందులోంచే.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. 'కన్యాశుల్కం' తొలిసారి ఆడింది 1892లో. అందులో అగ్నిహోత్రావధాన్లు ఇంగ్లిషు చదువుని నోరారా తిడతాడు, చేత్తో ఖర్చు పెడతాడు. ఆయన భార్య వెంకమ్మకేమో కొడుకు వెంకటేశం నోట ఇంగ్లిషు వినాలని ఆశ. ఆ ఇంగ్లిషు చెప్పే గిరీశాన్ని ఇంట్లోకి రానిచ్చింది వెంకటేశం ఒక్కడే అనుకుంటే పొరపాటు. అరుగు మీద పెద్దలు చోటిస్తేనే ఎవడైనా ఇంట్లోకి వస్తాడు.

పెద్దకొడుకు వీసా కోసం పెదనాన్న చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేశాడు. వీసా వచ్చాక మొక్కు ప్రకారం నూట ఎనిమిదీ పూర్తి చేశాడు. మోకాళ్లకి ఇప్పటికీ తైలం రాస్తున్నాం. "స్వామీ, నా బిడ్డని మన సంస్కృతికి ఏడు సముద్రాల అవతల పడెయ్యి" అని ఇంత శాస్త్రోక్తంగా వేడుకున్న జాతి ఇంకొకటి ఉంటుందా?

పెళ్లిలో కాశీయాత్ర ఉంది చూశారూ, పెళ్లికొడుకు గొడుగు పట్టుకుని సన్యాసం పుచ్చుకుంటానంటే బావమరిది గడ్డం పట్టుకుని బతిమాలి వెనక్కి తెస్తాడు. కాశీ వెళతానంటే ఆపుతాం. డాలస్ వెళతానంటే రేటు పెంచుతాం. 1961 నుంచి చట్టం వద్దంటూనే ఉంది, అయినా కట్నాన్ని ఏ పడమటి గాలీ కదపలేకపోయింది. కాకపోతే మర్యాదగా లాంఛనాలు అంటున్నాం. సంస్కృతి నాశనమైందని బెంగపడేవాళ్లు ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు.

సరే, పసుపు దంచే రోజు వచ్చింది. "ట్రెడిషనల్ టచ్ కోసం రోలూ రోకలీ పెట్టాను సార్, అద్దె ప్యాకేజీలోనే" అన్నాడు మేనేజరు. బంతిపూల మధ్య నల్లటి రోలు, మామిడాకులు కట్టి, చూడ్డానికి దివ్యంగా ఉంది. పెదనాన్న కళ్లు చెమర్చాయి. "ఇదిరా మన సంప్రదాయం" అన్నాడు. రోట్లో తల పెట్టి రోకటిపోటుకి వెరవకూడదంటారు కదా, ఆ ధైర్యంతోనే పెద్దమ్మ రోకలెత్తి ఒక్క పోటు వేసింది. రోకలి రోలు అడుగు దాటి టేబులు దాకా దిగింది. తెల్లటి గుళ్లు పెళ్లికూతురి జడ నిండా రాలాయి.

థర్మోకోలు!

డాలస్ నుంచి వచ్చిన పదేళ్ల మనవడు ముందుకొచ్చి, "తాతయ్యగారూ, రోలు రాతితో చేస్తారండీ. మా మనబడి తెలుగు క్లాసులో చెప్పారు" అన్నాడు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. రాజమండ్రిలోనే పుట్టి పెరిగిన మనవడు ఫోన్లోంచి తలెత్తి, "రోలంటే సినిమా రోలా?" అన్నాడు.

అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది, కింద వాచ్‌మన్ దగ్గర రోలుందని. నలుగురు వెళ్లారు. నలుగురూ జిమ్ముకి వెళ్లేవాళ్లే. రోలు కదల్లేదు. చివరికి పెళ్లికూతురే మెట్లు దిగింది, వెనకాల వీడియోవాడు, ముత్తయిదువలు, గొడుగు పట్టుకుని మేనేజరు.

సెల్లార్లో లిఫ్టు పక్కన వాచ్‌మన్ భార్య పండుమిర్చి పచ్చడి దంచుతోంది. ఇంతమందిని చూసి లేచి, "ఒక్క నిమిషం ఆగండమ్మా, ఉప్పు చూసి తీసేస్తాను" అంది.

పెదనాన్న రోలు వంక అదేపనిగా చూస్తున్నాడు. అంచు మీద ఓ మూల చిన్న పెచ్చు ఊడి ఉంది. చిన్నప్పుడు తానే ఊడగొట్టాడట. వాళ్లమ్మ రోలు అది. పాత పెంకుటిల్లు అపార్టుమెంటుకి ఇచ్చేసినప్పుడు "ఈ బండెందుకు, అడ్డం" అని తనే పారేయించాడు. వాచ్‌మన్ కుటుంబం దొర్లించుకొచ్చి పెట్టుకుంది.

ఆ రోట్లో ఉన్న మిరపకాయ కూడా పరాయిదే. ఐదొందల ఏళ్ల కిందట పోర్చుగీసువాళ్ల ఓడల్లో దిగింది. మనవాళ్లు దాన్ని తిట్టలేదు, దంచారు. ఇవాళ అది లేని తెలుగు విస్తరి లేదు. పక్కనే పసుపు కొమ్ములు పుట్టినప్పటి నుంచీ మనవే. వాటికి అద్దె రోలు తెచ్చాం.

రోలు కడిగారు కానీ ఘాటు పోలేదు. ఆ పసుపు రాయించుకుని పెళ్లికూతురు చెంపలు మండి, కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎమోషన్ సూపర్‌గా వచ్చింది!" అన్నాడు వీడియోవాడు.

సాయంత్రం పెదనాన్న వాట్సాప్ స్టేటస్ మార్చాడు. రోలు పక్కన రోకలి పట్టుకుని నిలబడ్డ ఫొటో. కింద రెండే మాటలు, ఇంగ్లిషు అక్షరాల్లో: హ్యాపీ హల్దీ.