కామెంటు నా దాకా రాదు: ఒక ఆర్డుయినో బోర్డు ఆత్మకథ

నన్ను ఆర్డుయినో ఊనో అంటారు. మా వంశం ఇటలీలోని ఇవ్రియాలో 2005లో మొదలైంది. ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థుల చేతికి కూడా అందే చవక బోర్డు కావాలని మాస్సిమో బాంజీ, డేవిడ్ క్వార్తియెల్లెస్, ఇంకొందరు కలిసి మమ్మల్ని చేశారు. దానికి ముందే అక్కడే చదివే కొలంబియా దేశపు విద్యార్థి ఎర్నాండో బర్రగాన్ ‘వైరింగ్’ అనే పనికి పూనుకున్నాడు. మా పునాది అదే. ఆయన పేరెత్తకుండా మా కథ చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. మా పేరు మాత్రం ఆ ఊళ్ళోని ఒక బార్‌ది.

నాది ఇటలీ పుట్టుక అనుకునేరు! మా డిజైన్ అందరికీ తెరిచిపెట్టిందే కాబట్టి ఎవరైనా మమ్మల్ని తయారుచేసుకోవచ్చు. నేను చైనా సరుకుని. యూఎస్‌బీ సంగతి చూసే చిప్పు మీద సీహెచ్340 అని ఉంటుంది. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక బీటెక్ ఆఖరేడు అబ్బాయి నన్ను, స్విచ్చులా పనిచేసే ఒక రిలేని, తేమ కొలిచే సెన్సర్‌ని, చిన్న మోటారుని ఒకే కవర్లో వేయించుకుని కొత్తపేట హాస్టల్‌కి తెచ్చాడు. అప్పటికి అక్కడి పండ్ల మార్కెట్ ఇంకా బాటసింగారం వెళ్ళలేదు. ఎండాకాలం మామిడి లారీలతో రోడ్డంతా నిండిపోయేది. గదిలో నలుగురు, ప్లగ్ పాయింట్ ఒకటి. ఫోన్ల చార్జింగ్ అయ్యాక నా వంతు.

నా బుర్ర పేరు ఏటీమెగా328పీ. ప్రోగ్రాం పెట్టుకోవడానికి 32 కిలోబైట్లు, పని చేసేటప్పుడు గుర్తుంచుకోవడానికి 2. ఈ రోజుల్లో పెళ్ళి శుభలేఖ ఫోటో కూడా అందులో పట్టదు. అయినా నాకు చేతనైన పనుల్ని మా పెద్దలు ఫంక్షన్‌కొక పుట చొప్పున ఎంత శ్రద్ధగా రాసిపెట్టారో చూస్తే గర్వంగా ఉంటుంది. ఏం చేస్తుంది, ఎలా పిలవాలి, ఏ విలువలివ్వాలి, తిరిగి ఏం వస్తుంది, ఒక ఉదాహరణ, అవసరమైన చోట హెచ్చరిక. ‘అనలాగ్‌రీడ్’ అడిగితే 0 నుంచి 1023 దాకా ఒక అంకె చెబుతాను. ‘అనలాగ్‌రైట్’కి మాత్రం 0 నుంచి 255 లోపే ఇవ్వాలి. ఆ పుట చదవనివాడు దీపం సగం వెలగాలని 512 ఇస్తాడు. దీపం అనుకున్నట్టు వెలగదు. ‘బోర్డు పోయిందిరా’ అంటాడు. పోయింది బోర్డు కాదు నాయనా. ‘మిల్లిస్’ అనేది నేను లేచినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే ఫంక్షన్. దాదాపు 50 రోజులకి ఆ లెక్క మళ్ళీ సున్నాకొస్తుంది. ఇదీ రాసే ఉంది. ఒక్క వాక్యం. అది చదవకపోతే యాభయ్యో రోజున పొలంలో మోటారు ఎందుకు మొరాయించిందో ఎవరికీ అంతుపట్టదు.

పెద్దలు రాసింది పెద్దల ఫంక్షన్ల గురించి. మావాడు సొంతంగా రాసుకున్న ఫంక్షన్ల గురించి ఎవరు రాయాలి? వాడే రాయాలి. రాయలేదు.

ప్రాజెక్టు మంచిదే. తులసి కుండీలో మట్టి ఎండితే మోటారు ఆన్ కావాలి, తడిస్తే ఆగాలి. కోడ్‌లో ‘ఫన్1’, ‘ఫన్2’ అని రెండు ఫంక్షన్లు. మధ్యలో 640 అని ఒక అంకె. ఆ అంకె కోసం వాడు ఒక సాయంత్రమంతా కుండీ ముందు కూర్చున్నాడు. కొంచెం నీళ్ళు పోయడం, సెన్సర్ గుచ్చడం, చెప్పిన అంకె చూడటం, మళ్ళీ పోయడం. ఆ కష్టమంతా చూసినదాన్ని నేను. ‘ఈ కుండీ మట్టిలో 640 దాటితే ఎండినట్టు’ అని పక్కన ఒక కామెంటు పడేస్తే ఆ సాయంత్రం దక్కేది. ఇంకోటి: వాడు తెచ్చిన రిలే ‘లో’ ఇస్తే ఆన్ అయ్యే రకం. బజారులో ఇవి చాలా మామూలు. అదీ రాయలేదు. 2019లో రివ్యూ గట్టెక్కింది. నన్ను జూనియర్‌కి సగం ధరకి అమ్మేసి, కోడ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి వెళ్ళిపోయాడు.

జూనియర్ తెలివైనవాడే, అక్కడే చిక్కొచ్చింది. ‘ఫన్2’ తెరిచాడు. మట్టి ఎండితే ‘లో’, తడిస్తే ‘హై’ అని ఉంది. “అన్న ఉల్టా రాసిండు రా” అని నవ్వి, రెండూ తారుమారు చేసి నాలోకి ఎక్కించాడు. అప్పుడే నీళ్ళు పోసిన కుండీ అది. సెన్సర్ అందులో గుచ్చి చాయ్‌కి వెళ్ళాడు. రిలే టక్కుమంది, మోటారు తిరిగింది. తడి ఉన్నంతసేపూ తిరగమని నాకు ఆజ్ఞ, తిరిగేకొద్దీ తడి పెరుగుతోంది. ఎలా ఆపను? వాడొచ్చేసరికి బకెట్ ఖాళీ, పరుపు అంచుదాకా నీళ్ళు, కింది గది అన్న గుమ్మంలో నిలబడి “ఏందయ్యా ఇది?” అంటున్నాడు. తిట్లు నాకే పడ్డాయి.

నా వైపు నుంచి ఒక సంగతి చెప్పాలి. మీరు కోడ్ పక్కన రాసే కామెంట్లు నా దాకా రావు. కంపైలర్ వాటిని ముందే తీసేసి, మిగిలినదాన్ని యంత్రభాషలోకి మార్చి పంపుతుంది. ఫంక్షన్లకు మీరు పెట్టిన పేర్లూ అక్కడే పోతాయి. ఏం చేయాలో నాకు తెలుసు, ఎందుకు చేస్తున్నానో తెలియదు. నాలోకి ఎక్కించడానికి బటన్ ఉంది. మీరు రాసిన కోడ్‌ని నా నుంచి తిరిగి రాబట్టే బటన్ లేదు. ఎవరైనా కష్టపడి నాలోని అంకెలు తోడినా, 640 దొరుకుతుందేమో గానీ ఆ తులసి కుండీ దొరకదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హాస్టల్ ఒక్కసారిగా ఖాళీ అయింది. జూనియర్ బట్టలు సర్దుకున్నాడు, పుస్తకాలు సర్దుకున్నాడు, నన్ను సజ్జ మీదికి విసిరాడు. పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్ళి సినిమాలు నింపుకున్నాడని తర్వాత గదికొచ్చినవాళ్ళ మాటల్లో విన్నాను. సజ్జ మీద నాకు తోడు తెగిన తోలు చెప్పు, ఎంసెట్ గైడు, ఎవరిదో హెల్మెట్. సెన్సర్ కాళ్ళు అప్పటికే తుప్పు పట్టాయి. ఆ చవక రకం సెన్సర్లు మట్టిలో ఎప్పుడూ కరెంటు పారుతుంటే అలాగే అరిగిపోతాయి. కొలిచేటప్పుడు మాత్రమే కరెంటు ఇవ్వాలి, అదీ ఎవరూ రాసిపెట్టలేదు. నా పిన్నుల్లో దుమ్ము, ఒక మూల బల్లి గుడ్డు. ఏళ్ళ తరబడి ఎవరూ ప్లగ్ పెట్టలేదు. ఆకలి లేదు గానీ, అవమానం ఉంది. బయట మెట్రో వచ్చిపోతోంది, కోచింగ్ పిల్లలు మారిపోతున్నారు, గదిలో మాత్రం ‘ఈ బిళ్ళ ఏందిరా?’ అన్నవాడే గానీ దించినవాడు లేడు.

ఇప్పుడు దించారు. గదికి రంగులేయిస్తున్నారు. పాత సామాన్ల సంచీలో తలుపు దగ్గర ఉన్నాను. చెడిపోలేదు, ఐదు వోల్టులిస్తే ఇప్పటికీ రిలే టక్కుమంటుంది. కబాడీ వాడి కన్నా ముందు మీరెవరైనా చూస్తే తీసుకోండి. పాత ప్రోగ్రాం తుడిచేయండి, నాకేం బాధ లేదు. కొత్తది రాసేటప్పుడు ప్రతి ఫంక్షన్ నెత్తిన మూడు ముక్కలు రాయండి: ఏమిస్తే ఏమొస్తుంది, ఆ అంకె ఎక్కడిది, రిలే ఏ రకం. తెలుగులోనే రాయండి, కంపైలర్ ఏమీ అనదు, ఎలాగూ తీసేస్తుంది. ఏ పిన్నుకి ఏ వైరో ఒక కాగితం మీద రాసి నా వీపున అతికించండి. కోడ్ పోయినా అది మిగులుతుంది.